హరికృష్ణ ఇచ్చిన గ్యారంటీ

హరికృష్ణ నోట్లో నాలుక ఉన్నన్నాళ్లు తన దుకాణానికి ఢోకా లేదని వెంకట్రాజం నలుగురిలో గర్వంగా చెప్పుకునేవాడు. వరంగల్ మట్టెవాడలో వాళ్లది ఫ్యాన్లు, మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు అమ్మే దుకాణం. కొడుకు మాట్లాడటం మొదలుపెడితే, బల్బు కోసం వచ్చినవాడు కూలర్ మోసుకుని పోయేవాడు. ఆ గర్వం ఒక వానాకాలం సాయంత్రం దాకా నిలిచింది.

ఆ సాయంత్రం వాన దంచికొడుతుంటే దుకాణం ముందు ఒక స్కూటీ ఆగింది. దాని మీది అమ్మాయి తడిసి ముద్దయింది. రెయిన్‌కోటు ఉంది గాని ఆమె ఒంటి మీద లేదు. ముందు పెట్టుకున్న మిక్సీకి పసిపిల్లకు చుట్టినట్టు చుట్టి ఉంది.

ఆమె లోపలికొచ్చి మిక్సీని కౌంటర్ మీద పెట్టింది.

"ఇది వాపస్ తీస్కోండి."

హరికృష్ణ గుర్తుపట్టాడు. వెనక గల్లీలో కొత్తగా అద్దెకు దిగిన భారతమ్మ కూతురు, సౌమ్య. హన్మకొండలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతుంది. కనురెప్పల మీద వాన చుక్కలు పెట్టుకుని ఇంత కోపంగా, ఇంత అందంగా చూడొచ్చని అతనికి అప్పటిదాకా తెలియదు.

"ఏమైంది మేడం?"

"పల్లి చట్నీ వేసిన. పల్లీలు నలగలే గానీ మోటర్ మాడింది. ఇల్లంత పొగ."

"జర్రంత గూడ ఫికర్ చెయ్యకుండ్రి. రెండేండ్ల గ్యారంటీ ఉంది. కంపెనీ సర్వీస్‌కు తోలిస్తం. నెలరోజుల్ల మోటర్ చుట్టిస్తరు. మళ్ల కొత్త పెండ్లికూతురు లెక్క అయితది."

"అది గ్యారంటీ కాదు, వారంటీ."

"రెండూ ఒకటే గద మేడం!"

ఇంగ్లీషు లెక్చరర్ ముందు అనకూడని మాట అది. సౌమ్య ప్లాస్టిక్ స్టూలు లాక్కుని తాపీగా కూర్చుంది. వాన ఎలాగూ తగ్గదు, పాఠం ఎలాగూ తప్పదు.

"ఒకటే అయితే రెండు మాటలెందుకుంటయి? పుట్టుక చూస్తే రెండూ ఒక్క ఇంటి ఆడపిల్లలే. ఇచ్చిన ఇండ్లే వేరు. వారంటీ అంటే, వస్తువు ఖరాబ్ కావచ్చు, అయితే ఇన్ని రోజుల దాకా, ఈ షరతుల మీద బాగుచేసిస్త అని. గ్యారంటీ అంటే నా మాట అని. ఆ మాట తప్పితే వస్తువు వాపస్ తీస్కుంట, నష్టం నాది అని. ఆ రోజు మీరు నాతోని ఏమన్నరు?"

"ఏమన్న?"

"'కండ్లు మూస్కోని తీస్కపోండ్రి మేడం, నాది గ్యారంటీ' అన్నరు. నేను నిజంగనే కండ్లు మూస్కోని తీస్కపోయిన."

వెనక గల్లాపెట్టె దగ్గర నుంచి వెంకట్రాజం దగ్గాడు. అది దగ్గు కాదని, నవ్వు ఆపుకుంటున్నాడని కొడుక్కి తెలుసు.

"కొత్తది ఇయ్యిరా."

"బాపూ, కంపెనీవాళ్లు ఒప్పుకోరు..."

"కంపెనీతోని నేను మాట్లాడుకుంట. మాటిచ్చింది కంపెనీ కాదు గద, నువ్వు." తర్వాత సౌమ్య వైపు తిరిగి, "బిడ్డా, మస్తు తడిసినవ్. చాయ్ తాగుతవా?" అన్నాడు.

చాయ్ తాగి, కొత్త డబ్బా తీసుకుని, ఆమె మళ్లీ రెయిన్‌కోటు డబ్బాకే చుట్టబోయింది. హరికృష్ణ గబగబా ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు తెచ్చాడు.

"దీన్ని ఈ కవర్ల పెడత. కోటు మీరు తొడుక్కోండ్రి."

"కవర్ చినగదు గద? గ్యారంటీనా?"

హరికృష్ణ నోరు తెరిచి, మళ్లీ మూశాడు.

"ఇప్పుడు నేర్చుకున్నరు," అని ఆమె మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు చూశాక అతను తర్వాతి కస్టమర్ ఇస్త్రీపెట్టె అడిగితే టార్చిలైటు చేతికిచ్చాడు.

ఆ రోజు నుంచి 'గ్యారంటీ' అనే అతని ఊతపదానికి జబ్బు చేసింది. రోజూ పొద్దున కాలేజీకి పోతూ సౌమ్య దుకాణం ముందు స్కూటీ ఆపేది.

"హరి గారూ, ఇయ్యాల వానొస్తదా?"

"రాదు మేడం, గ్యా..."

"గ్యా?"

"గాలుంది మేడం. గాలికి మబ్బులు ఎటో పోతయి."

సాయంత్రం వాన వచ్చేది. ఆమె తడుచుకుంటూ వచ్చి, "మీ గాలి మాట నమ్మి కోటు ఇంట్ల పెట్టిపోయిన," అని నిలదీసేది. అతను తన గొడుగు ఇచ్చేవాడు. రాత్రి దుకాణం మూసి తాను తడుస్తూ ఇంటికి పోయి, తుమ్ములతో తండ్రికి నిద్ర లేకుండా చేసేవాడు. మర్నాడు ఆమె గొడుగుతో పాటు ఒక స్టీలు డబ్బా ఇచ్చేది. అందులో పల్లి చట్నీ. "కొత్త మిక్సీల వేసింది. పొగ రాలే," అనేది.

వానలు తగ్గాయి. గొడుగు అవసరం తీరింది. అప్పుడు సౌమ్య ఇంట్లో బల్బులు పోవడం మొదలైంది. వారానికో బల్బు, మధ్యలో ఒక టెస్టరు, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు.

"రెండు రూముల ఇంట్ల గన్ని బల్బులా?" అన్నాడు వెంకట్రాజం ఒకరోజు. "ఎలిగిస్తాండ్లా, ఏంచుక తింటాండ్లా?"

"కస్టమర్‌ను గట్లనొద్దు బాపూ."

"కస్టమర్ బల్బును చూస్తలేదురా కొడుకా. చూస్తే, ఒకసారి ఎలిగించి చూపియ్యమంటది. ఏ కస్టమరన్న అట్ల అడగకుంట పోయిందా ఇన్నేండ్లల్ల?"

హరికృష్ణకు సౌమ్య అంటే ప్రాణం. ఈ సంగతి అతనికి తెలుసు, తండ్రికి తెలుసు. ఆమెకు చెప్పడం ఒక్కటే మిగిలింది. ఊరందరితో అంత బాగా మాట్లాడేవాడికి అదొక్కటే చేతకాలేదు. ప్రేమిస్తున్నానని అంటే, 'ప్రేమకూ ఇష్టానికీ తేడా ఏంది, చెప్పండి' అని ఆమె స్టూలు లాక్కుని కూర్చుంటే ఏం జవాబు చెప్పాలి? అందుకని ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఎల్లుండి అని నెట్టుకొచ్చాడు. అలా కార్తీకం వచ్చింది. పెళ్లి మాటల కాలం వచ్చింది.

మా వరంగల్‌లో సంబంధం కలుపుకోవాలంటే జాతకం తర్వాత సంగతి. ముందు పిల్ల ఉండే గల్లీకి పోయి, ఏదో ఒక దుకాణంలో చిన్న సరుకు కొంటూ ఆరా తీస్తారు. దుకాణదారు 'బంగారం లాంటి పిల్ల' అంటే పెళ్లి సగం అయినట్టే. 'ఏమో, నాకంత ఎరుక లేదు' అంటే ఆ సంబంధం మళ్లీ ఆ గల్లీ తొక్కదు. చెడ్డగా చెప్పనక్కర్లేదు, నసిగితే చాలు.

ఒక గురువారం హన్మకొండ నుంచి రామలింగం, ఆయన భార్య పద్మలత దుకాణానికి వచ్చారు. గ్రైండర్ చూపించమన్నారు. రాయి తిప్పి చూస్తూ రామలింగం గొంతు తగ్గించాడు.

"జర ఇటు రా పిలగా. వెనక గల్లీల భారతమ్మ బిడ్డ ఉన్నది గద, ఇంగ్లీషు చెప్తది. ఎసొంటి పిల్ల? మా పెద్దోనికి చూస్తానం. బెంగళూరుల ఉద్యోగం వానిది."

హరికృష్ణకు ఏం చేయాలో ఆ క్షణమే తెలిసింది. 'ఏమో' అనాలి. రెండక్షరాలు. పాపం కూడా కాదు. అనడానికే నోరు తెరిచాడు.

అయితే ఆ నోరు పదో తరగతి నుంచి కౌంటర్ వెనక పెరిగిన నోరు. 'ఇది ఎసొంటిది?' అని ఎవరైనా అడిగితే దానికి మంచి చెప్పడం ఒకటే తెలుసు. పైగా ఇప్పుడు చెప్పాల్సిన మంచిలో వీసమెత్తు కల్పన లేదు.

"మస్తు మంచి పిల్ల సార్," అన్నాడు.

"కోపం జాస్తి అంటాండ్లు?" అంది పద్మలత.

"ఉంది అమ్మా. ఊరికె మాత్రం రాదు. తప్పు ఎదుటోళ్లదైతేనే వస్తది. తప్పు తనదైతే నలుగుర్ల ఒప్పుకుంటది. మొన్న టెస్టర్ వాపస్ తెచ్చి, పనిచేస్తలేదని నన్ను దులిపింది. చూస్తే మంచిగనే ఉంది. 'నేనే ఉల్టా పట్టుకున్న, సారీ' అని దుకాణం నిండ జనం ఉండంగ చెప్పి పోయింది. ఎవరు చెప్తరు అమ్మా గట్ల?"

"తల్లిని మంచిగ చూస్తదా?"

"వాళ్లమ్మకు మోకాళ్లు నొస్తయి. రోలు ముందట కూసోవద్దనే ఆ మిక్సీ కొన్నది. మిక్సీ తడుస్తదని తన కోటు దానికి కప్పింది. అసొంటి పిల్ల."

"నవ్వు మొఖమేనా? ఫోటోల జర గంభీరంగున్నది."

"ఫోటోల కనవడదమ్మా. ముందుగాల కండ్లు నవ్వుతయి, మొఖం తర్వాత నవ్వుతది. జర ఓపిక పట్టాలె," అన్నాడు హరికృష్ణ. తాను ఎవరితో మాట్లాడుతున్నాడో అప్పటికే మరిచిపోయాడు.

రామలింగం భార్య వైపు, భార్య రామలింగం వైపు చూసుకున్నారు.

"అయితే మా ఇంట్ల ఇమిడిపోతదంటవ్?"

"గ్యారంటీ సార్!"

నెలల తరబడి గొంతులో అణిగి ఉన్న మాట ఎగిరి బయటపడింది. అది తిరిగి లోపలికి రాలేదు. రామలింగం సంతోషంగా గ్రైండర్ కూడా కొన్నాడు. ఆదివారం పొద్దున భారతమ్మ ఇంటికి పూలు, పండ్లు పట్టుకుని పోయి మాట ఖాయం చేసుకుంటామని చెప్పి మరీ వెళ్లాడు.

హరికృష్ణ ఖాళీ అట్టపెట్టె మీద కూలబడ్డాడు. పెట్టె కూడా అణిగిపోయింది.

"ఏం బేరమైందిరా?" అన్నాడు వెంకట్రాజం.

"గ్రైండర్ బాపూ."

"నేను అన్నీ విన్నరా. నీ అంత దుకాణపోడు వరంగల్ మొత్తంల లేడు. నీ పెండ్లి గూడ పక్కోనికే చేసినవ్."

"అబద్ధం చెప్పమంటవా మరి?"

"అబద్ధమెందుకు, నోరు మూస్కుంటే అయిపోవు గద! పాలు పొంగినట్టు పొంగినవ్." కొడుకు ముఖం చూసి ఆయన గొంతు మెత్తబడింది. "నేను పోయి భారతమ్మను అడగాల్నా?"

"వద్దు బాపూ. ముందుగాల ఆమె అవుననాలె. ఆమెకు చెప్పకుంట ఇంట్లోళ్లను అడుగుడు నాకు మంచిగనిపిస్తలేదు."

"మరి చెప్పు."

"భయమైతాంది."

శనివారం మధ్యాహ్నం సౌమ్యే వచ్చింది. స్కూటీ స్టాండు కూడా సరిగ్గా వేయలేదు.

"నాకు గ్యారంటీ ఇచ్చినవట?"

ఎన్ని నెలలుగానో 'మీరు' అంటున్న మనిషి నోట 'నువ్వు' వినబడింది. అంత భయంలోనూ హరికృష్ణకు ఆ మాట తీయగానే తగిలింది.

"అది... వాళ్లు అడిగిన్రు..."

"అడిగితే ఇస్తవా? నేనేమన్న మిక్సీనా? రేపు ఆ ఇంట్ల నేను ఏడిస్తే, కోపానికొస్తే, వాళ్లు నన్ను తోలుకోని నీ దుకాణానికి రావాల్నా? మనుషులకు గ్యారంటీ ఎవడూ ఇయ్యలేడు, హరీ. పెండ్లి అంటే మహా అంటే వారంటీ. ఇద్దరూ ఎప్పుడో ఒకప్పుడు ఖరాబైతరు. ఇద్దరూ కూసోని బాగుచేసుకోవాలె. అది గూడ ఇద్దర్ల ఒకరికి గాదు, ఇద్దరికీ మనసుంటేనే."

"నీ గురించి చెడ్డగ చెప్పుడు నాతోని కాలే."

"చెడ్డగ ఎవరు చెప్పమన్నరు? ఊకోవాల్సింది."

"ఊకునుడు నాకు రాదు గద."

"ఎందుకు రాదు? చెప్పాల్సిన మాట ఒకటి ఇన్ని నెలల సంది మంచిగనే ఊకున్నవ్!"

సౌమ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈసారి వాన మీదికి నెట్టడానికి వీల్లేదు, బయట ఎండ కాస్తోంది.

"రేపు పదకొండింటికి వస్తాండ్లు. అమ్మకు ఆ సంబంధం నచ్చింది. వద్దనడానికి నా దగ్గర ఒక్క కారణం లేదు. ఉందనుకున్న. లేదు," అని ఆమె వెళ్లిపోయింది.

ఆదివారం పొద్దున హరికృష్ణ దుకాణం తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. పదకొండు కావస్తుంటే వెంకట్రాజం అతని చేతిలోంచి తాళాలు లాక్కున్నాడు.

"పోతవా, దుకాణంలనే నాతోని తన్నులు తింటవా?"

హరికృష్ణ పరుగు తీశాడు. వట్టి చేతులతో పోతే ఏమంటారోనని అలవాటుగా ఒక బల్బు చేతపట్టుకున్నాడు. అతను చేరేసరికి గడప ముందు అప్పటికే కొత్త చెప్పులు రెండు జతలున్నాయి. లోపల రామలింగం దంపతులు కూర్చుని ఉన్నారు. బల్ల మీద పళ్లెంలో పూలు, అరటిపండ్లు, ఎండుకొబ్బరి కుడుకలు ఉన్నాయి. భారతమ్మ మోకాళ్లు పట్టుకుంటూ లేచి గడప దాకా వచ్చింది.

"ఏంది బాబూ గిప్పుడు?"

"బల్బు... తెచ్చిన అమ్మా."

"బల్బా? అల్మారి నిండ అవ్వే ఉన్నయి గదయ్యా! ఒక్కటి గూడ డబ్బాల కెల్లి తియ్యలే. మా పిల్ల ఎందుకు కొంటాందో, ఏం చేస్తదో నాకైతే సమజైతలేదు."

లోపలి గది తలుపు దగ్గర చీర కొంగు కదిలింది. అక్కడ సౌమ్య నిలబడి ఉంది. ముఖం కందగడ్డలా ఎర్రబడింది. ఆ ఎరుపు చూశాక హరికృష్ణకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. బల్బు భారతమ్మ చేతిలో పెట్టి లోపలికి నడిచాడు.

"ఓహో, గ్యారంటీ పిలగాడు!" అన్నాడు రామలింగం. "రా రా, కూసో."

"కూసోను సార్. మొన్న నేను చెప్పినయన్నీ నిజమే. అండ్ల ఒక్క మాట గూడ తప్పు లేదు. కానీ గవన్నీ నాకెట్ల ఎరుక అని మీరడగలే, నేను చెప్పలే. ఆమె పొద్దున పోతాంటే చూస్త. సాయంత్రం వస్తాంటే చూస్త. రాకపోతే దుకాణం మూయబుద్ధి కాదు. నాకు సౌమ్య అంటే ప్రాణం. గది ఆమెకు చెప్పే ధైర్యం లేక, ఆమెకు చెప్పాల్సిందంత మీకు చెప్పిన సార్. తప్పైంది."

భారతమ్మ చేతిలో బల్బు పట్టుకుని గోడకు ఆనుకుంది. ముందుగా నవ్వింది పద్మలత.

"నేను బస్సులనే అన్న గద మీతోని! ఈ పిలగాడు పిల్లను పొగుడుతలేడు, తల్సుకుంటాండు అని. మీరే, గ్యారంటీ ఇచ్చిండు గద అన్నరు."

రామలింగం గడ్డం గోక్కున్నాడు. ఆయనకు కొంచెం కోపం, కొంచెం నవ్వు, రెండూ కలిసి వచ్చాయి. చివరికి లోపలి తలుపు వైపు తిరిగాడు.

"ఇట్ల రా బిడ్డా. మా సంగతి పక్కకు పెట్టు. మేం ఈ పిలగాని మాట మీద నీ ఇంటికొచ్చినం. ఇప్పుడు నువ్వు చెప్పు, ఈ పిలగాడు ఎసొంటోడు?"

సౌమ్య ముందుకు వచ్చింది. ఏ మాటకైనా అర్థం విడమరిచి చెప్పే మనిషి, నేల చూస్తూ మాటలు వెతుక్కుంది.

"తొందరెక్కువ అంకుల్," అంది. "మాటలెక్కువ. చెప్పొద్దన్న కాడ ఆగడు, చెప్పాల్సిన కాడ నోరు రాదు."

హరికృష్ణ తల వాలిపోయింది.

"గొడుగు నాకిచ్చి తను తడుస్తడు. మర్నాడు తుమ్ముకుంట, నాకేం కాలే అంటడు. అబద్ధం చెప్తే తనకే లాభం ఉన్న రోజు గూడ నా గురించి చెడ్డగ చెప్పలేకపోయిండు." ఆమె తల ఎత్తింది. తల్లి వైపు చూసింది. "అమ్మా, నాకు ఇతను గావాలె."

ఇంగ్లీషు లెక్చరర్ ఆ మాటకు ఇంగ్లీషు వెతుక్కోలేదు.

భారతమ్మ కళ్లు తుడుచుకుంది. "మీ ముందట తలెత్తుకోలేకుంట అయింది వదినా," అంది పద్మలతతో. "ఇంటిదాక వచ్చిన్రు. నాకు ముందే ఎరుకైతే..."

"ఎరుకైంది గద ఇప్పుడు. పెండ్లయినంక ఎరుకైతే ఏం చేద్దుము?" పద్మలత లేచి పళ్లెంలోని మల్లెపూల దండ తీసింది. "పూలు, పండ్లు పట్టుకోని వచ్చిన ఇంటి నుంచి వాపస్ తీస్కపోవద్దంటరు. ఇట్ల తిరుగు బిడ్డా."

సౌమ్య వెనక్కి తిరిగింది. పద్మలత ఆ దండను ఆమె జడలో తురిమి, తల నిమిరింది. సౌమ్య వంగి ఆమె కాళ్లకు మొక్కింది.

"ఇగ నువ్వేం చూస్తానవ్ పిలగా?" అని రామలింగం గద్దించాడు. "మీ బాపును తోలుకరా పో. మేం చాయ్ తాగేదాంక ఉంటం."

హరికృష్ణ కదల్లేదు. మల్లెపూల వైపే చూస్తూ నిలబడ్డాడు. సౌమ్యే కళ్లతో గడప చూపించింది. ముందు ఆ కళ్లు నవ్వాయి, తర్వాత ముఖం నవ్వింది. అప్పుడు అతను చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి ఉరికాడు.

అంత దూరం పోవాల్సిన పని పడలేదు. దుకాణానికి తాళం వేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చేతిలో పండ్ల సంచితో వెంకట్రాజం గల్లీ మొదట్లోనే నిలబడి ఉన్నాడు.

"ఏమన్నదిరా?"

హరికృష్ణ నోరు తెరిచాడు. ఒక్క మాట రాలేదు. తండ్రి భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, నవ్వాడు. వెంకట్రాజం సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని, కొడుకు వీపు మీద చెయ్యి వేసి, భారతమ్మ ఇంటి వైపు నడిచాడు.